అడ్డదారిన వచ్చినవాణ్ణి

మా ఊరికి రెండు రోడ్లు. ఒకటి నరసరావుపేట నుంచి వచ్చే తారురోడ్డు, ఉత్తరాన్నుంచి దక్షిణానికి పోతుంది. రెండోది తూర్పు నుంచి పడమరకి పోయే పెద్దబజారు. రెండూ రామాలయం దగ్గర కలుస్తాయి. కలెక్టరొచ్చినా, ఎమ్మెల్యే వచ్చినా, ఎలక్షన్లప్పుడు జీపులొచ్చినా ఈ రెండింటి మీదే వస్తాయి. రెండిటికీ సిమెంటు పడింది, దీపాలు పడ్డాయి. ఈ రెండు దారుల్లో ఏ దారిన వచ్చి చూసినా మా ఊరంత చల్లని ఊరు లేదు.

మేం ఆ రెండు దారుల్లోనూ రాం. మాది మాదిగపల్లె. ఊరికి ఆగ్నేయపు మూల, సాగర్ కుడికాలవ మీద నుంచి చీలిన పిల్లకాలవ అవతల ఉంటుంది. కాలవకట్ట ఎక్కి, చిల్లచెట్ల మధ్యగా, ఆసాముల దొడ్ల వెనకగా, పేడదిబ్బలు దాటుకుంటూ అడ్డంగా నడిస్తే రామాలయం వెనక బడి వస్తుంది. నేను ఒకటో తరగతి నుంచి ఏడో తరగతి దాకా అట్లాగే వచ్చాను. బజారు గుండా రావద్దని నాతో ఎవరూ అనలేదు. అన్నది మా అమ్మ. "బజార్న పోమాకయ్యా, కట్ట మీంచి పో." ఎందుకే అంటే చెప్పేది కాదు. కారంచేడు 1985 జూలై 17న జరిగింది, అప్పటికి నేను పుట్టలేదు. చుండూరు 1991 ఆగస్టు 6న జరిగింది, అప్పటికి నాకు మూడేళ్ళు. ఈ రెండు ఊళ్ళ పేర్లూ మా ఇంట్లో గట్టిగా పలికేవాళ్ళు కాదు. ఎందుకు కట్ట మీంచి పోవాలో నేను పెద్దయ్యాక పుస్తకాల్లో చదివి తెలుసుకున్నాను. అమ్మకి చదువు రాదు, ఆమెకి ముందే తెలుసు.

ఈ కాలవకట్ట దారి నాకు ఇరవయ్యేళ్ళప్పుడు ఎమ్మెస్సీ లెక్కల క్లాసులో ఎదురొస్తుందని మాత్రం అనుకోలేదు.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. తాత డప్పు కొట్టాడు, చెప్పులు కుట్టాడు. రబ్బరు చెప్పులు వచ్చాక అయ్యకి ఆ పనీ పోయింది, ఆసాముల పొలాల్లో కూలికి కుదిరాడు. నేను సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి ఇంటరు, ఆ తర్వాత గవర్నమెంటు కాలేజీలో బీయస్సీ చదివాను. అంతా తెలుగు మీడియం.

తెలుగు మీడియం అంటున్నాను గాని అది ఏ తెలుగో ఇక్కడ చెప్పాలి. 1968లో తెలుగు అకాడమీ పెట్టారు, తెలుగులో డిగ్రీ పుస్తకాలు వేశారు. ఆ పుస్తకాలే లేకపోతే నాలాంటివాడు డిగ్రీ చదివేవాడే కాదు, ఆ రుణం నేను కాదనను. కాని అందులో మాట్లాడే తెలుగు మా పల్లెలో ఎవరిదీ కాదు. మేం హద్దు అంటాం, పుస్తకం అవధి అంటుంది. మేం తెగకుండా అంటాం, పుస్తకం అవిచ్ఛిన్నం అంటుంది. మారేదాన్ని చలరాశి అంది, అవకలనం, సమాకలనం అంది. ఇవన్నీ నేను పరాయిభాష నేర్చుకున్నట్టే బట్టీపట్టి నేర్చుకున్నాను. ఐదేళ్ళు పట్టింది. తీరా అవి నోటికి తిరిగే వేళకి ఎమ్మెస్సీకి వెళ్ళాను, అక్కడ మొత్తం ఇంగ్లీషు. నా కష్టమంతా మళ్ళీ మొదటికొచ్చింది. ఒక్క లెక్క కోసం రెండు పరాయిభాషలు దాటాల్సి వచ్చింది నాకు.

2008లో సీటొచ్చింది. రిజర్వేషన్లోనే వచ్చింది. దాచను. దాచుకోవాల్సిన పని మా తాతకీ లేదు, నాకూ లేదు.

రెండో సెమిస్టర్లో ఒక పేపరుండేది. ఒకే చలరాశితో చేసే కలనాన్ని రెండు, మూడు, ఎన్ని చలరాశులకైనా పెంచి చేయడం. పుస్తకం వాల్టర్ రుడిన్‌ది. 1953లో మొదటిసారి అచ్చయింది, ఇప్పటికీ మన దేశంలో లెక్కల ఎమ్మెస్సీ పిల్లలకి అదే పెద్ద గండం. అందులో తొమ్మిదో అధ్యాయం. పల్చటి పుస్తకం, ఒక్క మాట ఎక్కువ ఉండదు. ఎక్కువ మాటలు అక్కర్లేని ఇళ్ళ పిల్లల కోసం రాసిన పుస్తకం అనిపించేది నాకు. కోపంతో అంటున్న మాట ఇది. తర్వాత్తర్వాత ఆ పుస్తకమంటే నాకు ప్రేమ పుట్టింది, కాని మొదటి ఏడాది మాత్రం దాన్ని చూస్తే కడుపులో తిప్పేది.

ఒకరోజు మా లెక్చరర్ బోర్డు మీద ఒక ప్రమేయం రాశారు. ఎక్స్ వై బై ఎక్స్ స్క్వేర్ ప్లస్ వై స్క్వేర్. సున్నా, సున్నా దగ్గర దాని విలువ సున్నా అనుకోమన్నారు. ఈ వ్యాసం చదివే మిత్రుల్లో లెక్కలంటే భయపడేవాళ్ళుంటే ఒక్క నిమిషం ఓపిక పట్టండి, ఇందులో మన సంగతి ఉంది.

ఒకే చలరాశి ఉన్నప్పుడు ఒక బిందువు దగ్గరికి రావడానికి రెండే వైపులు. ఎడమ, కుడి. రెండు చలరాశులయ్యేసరికి అది నేల మీద నడిచినట్టు. తూర్పు నుంచి రావచ్చు, ఉత్తరం నుంచి రావచ్చు, మూలగా రావచ్చు, మెలికలు తిరుగుతూ రావచ్చు. ఎటునుంచి వచ్చినా ఒకే విలువ తగలాలి. అప్పుడే అక్కడ అవధి ఉందంటాం. ఒక్క దారిలో తేడా వచ్చినా లేదన్నట్టే.

సారు ఎక్స్ అక్షం వెంట వచ్చి చూపించారు. సున్నా. వై అక్షం వెంట వచ్చి చూపించారు. సున్నా. మధ్యలో ఉన్నదీ సున్నా. "సో, కంటిన్యుయస్?" అని క్లాసు వైపు తిరిగారు. ముందు బెంచీలవాళ్ళు కొందరు ఎస్ సార్ అన్నారు.

నాకు ఒక్కసారిగా మా ఊరు కనిపించింది. ఒట్టు. బోర్డు మీద రెండు గీతలు, నడుమ రామాలయం. సారు తారురోడ్డు మీద వచ్చారు, పెద్దబజారున వచ్చారు, ఊరు బాగుందన్నారు. కట్ట మీంచి రాలేదు. నేను లేచి నిలబడ్డాను. ఆ క్లాసులో నా అంతట నేను లేవడం అదే మొదలు.

"అడ్డంగా వస్తే సార్..." అన్నాను.

క్లాసంతా నవ్వింది. ఎందుకు నవ్వారో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆ మాటు హాస్టల్ వరండాలో మమ్మల్ని ఉద్దేశించి 'అడ్డదారిన వచ్చినోళ్ళు' అనే మాట తిరుగుతోంది. రిజర్వేషన్ మీద వచ్చినవాళ్ళని అట్లా అనేవాళ్ళు. నా నోటితో నేనే అన్నాను కదా, ఇంకేం కావాలి? సారు నవ్వలేదు, ఆయన్ని అన్యాయంగా ఒక మాట అనను. "ఇన్ ఇంగ్లీష్ ప్లీజ్" అన్నారు. అంతే. నా దగ్గర జవాబుంది, వాక్యం లేదు. 'ఇఫ్ వి కమ్' దాకా వచ్చి ఆగిపోయింది. అడ్డంగా అనేదాన్ని ఏమనాలి? చెమటలు పట్టాయి. కూర్చున్నాను. అర నిమిషం తర్వాత రెండో బెంచీలోంచి ఒకబ్బాయి లేచి, వై ఈక్వల్స్ ఎక్స్ గీత వెంట వస్తే సగం వస్తుంది సార్ అని ఇంగ్లీషులో చెప్పాడు. వెరీ గుడ్ అన్నారు సారు.

ఆ రాత్రి నోటుబుక్కులో బొమ్మ గీసుకున్నాను. ఆ అబ్బాయి చెప్పిన గీత ఈశాన్యం నుంచి వస్తుంది. మా పల్లె ఆగ్నేయాన కదా, నేను వచ్చే గీత అది కాదు. వై ఈక్వల్స్ మైనస్ ఎక్స్. లెక్క చేస్తే మైనస్ సగం వచ్చింది. నాలో నేనే నవ్వుకున్నాను. మనకి దక్కేది ఎక్కడైనా మైనసే అనుకుని.

ఈ ప్రమేయంలో ఉన్న అసలు మోసం ఇంకొకటి. దానికి ఆ బిందువు దగ్గర రెండు పాక్షిక అవకలజాలూ ఉంటాయి. అంటే రెండు రాజబాటల వెంట పోతూ వాలు కొలిస్తే ఏ తేడా కనిపించదు, రెండూ సున్నాలే. కాగితాలన్నీ సవ్యంగా ఉంటాయి. అయినా అది అక్కడ అవిచ్ఛిన్నం కూడా కాదు. నేల తెగి ఉంది. తెగిన సంగతి రాజబాటన వచ్చినవాడికి ఎప్పటికీ తెలీదు. విచారణ సంఘాలు ఊరికొచ్చి అంతా సామరస్యంగా ఉందని రాసుకుపోతుంటాయే, ఆ రిపోర్టులు నాకు ఆ తర్వాత ఎప్పుడు చూసినా ఈ లెక్కే గుర్తొస్తుంది.

పాక్షిక అవకలనం అంటే ఏమిటో కూడా చెప్పాలి. ఒక దాని విలువ చాలా వాటి మీద ఆధారపడి ఉంటుంది. అందులో ఒక్కదాన్ని మాత్రమే కొంచెం కదిపి, మిగతావన్నీ కదలకుండా పట్టుకుని, ఫలితం ఎంత మారిందో చూడటం. 'మిగతావన్నీ స్థిరం అనుకోండి' అనేది ఈ శాస్త్రంలో మంత్రం. మెస్సులో మా తోటివాళ్ళు చేసే వాదం కూడా అదే. "అందరం ఒకే క్లాసులో కూర్చుంటాం, ఒకే పుస్తకం, ఒకే సారు. కష్టపడితే మార్కులొస్తాయి, లేకపోతే రావు. ఇందులో కులమేంటి?" నేను వెంటనే జవాబు చెప్పలేకపోయేవాణ్ణి. ఇప్పుడు చెబుతున్నాను. కష్టం పెంచితే మార్కులు పెరుగుతాయి, నిజమే. మిగతావన్నీ కదలకుండా ఉంటే.

నా దగ్గర ఏదీ కదలకుండా ఉండేది కాదు. స్కాలర్‌షిప్ ఎప్పుడొస్తుందో తెలీదు, మెస్ బిల్లు మాత్రం నెలనెలా వస్తుంది. అందుకని సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా యూనివర్సిటీ గేటు బయట జిరాక్స్ కొట్లో పనిచేశాను. రుడిన్ పుస్తకంలో తొమ్మిదో అధ్యాయం నేను చదివింది ఆ కొట్లో పాడైపోయి పక్కన పడేసిన కాగితాల మీద కాపీ తీసుకునే. ఒక గంట ఎక్కువ చదువుదామనుకుంటే ఒక గంట కూలి పోతుంది. కూలి పోతే మెస్ బిల్లు నిలుస్తుంది. బిల్లు నిలిస్తే నోటీసుబోర్డు మీద పేరెక్కుతుంది. పేరెక్కితే ఆ రోజు పుస్తకం ముందు కూర్చున్నా ఒక్క అక్షరం ఎక్కదు. ఒకటి కదిలిస్తే దానివల్ల ఇంకొకటి, దానివల్ల మరొకటి కదులుతూ ఉంటే మొత్తం మార్పు లెక్కగట్టడానికి వేరే సూత్రముంది. గొలుసు సూత్రం. ఒక్కో దారిన వచ్చిన మార్పునీ విడివిడిగా కట్టి, అన్నీ కలపాలి. కొన్ని ప్లస్సులుంటాయి, కొన్ని మైనస్సులుంటాయి. కష్టం పెంచితే మార్కులు తగ్గడం కూడా ఆ సూత్రం ప్రకారం పూర్తిగా సాధ్యమే. మెరిట్ గురించి మాట్లాడేవాళ్ళు మొదటి సూత్రం దగ్గరే ఆగిపోతారు, రెండోది వాళ్ళ సిలబస్‌లో ఉండి కూడా.

ఆ పేపరు తప్పాను. వందకి ముప్పై ఒకటి. పాసుకి నలభై కావాలి.

ఆ రాత్రి గురించి ఎక్కువ రాయను. మేడ మీదికెళ్ళి చాలాసేపు కూర్చున్నాను, తర్వాత దిగి వచ్చాను. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయిన వార్త విన్నప్పుడు, అప్పటికి టీచరుద్యోగం చేస్తున్న నాకు ఆ మేడ కళ్ళముందు తిరిగింది. అతనిదీ మా గుంటూరే. ఆ వారమంతా బడిలో నేను నోరు తెరిచి పాఠం చెప్పలేకపోయాను.

తెల్లారి బస్సెక్కి ఊరికొచ్చేశాను. చదువు మానేద్దామని. గుంటూరు మిర్చియార్డులో బస్తాల లెక్కలు రాసే పని దొరుకుతుందని ఎవరో చెప్పారు. మా అయ్య ఇంట్లో లేడు, ఆసామి చేలో నీళ్ళ వంతు వచ్చిందని రాత్రికి అక్కడే ఉంటాడంది అమ్మ. చీకటిపడ్డాక నేనూ అక్కడికి పోయాను. పత్తిచేను. అయ్య లుంగీ ఎగగట్టి, పార భుజాన వేసుకుని, టార్చిలైటు లేకుండా తిరుగుతున్నాడు.

"ఏందిరా ఇప్పుడొచ్చావు?"

"పరీచ్చ పోయింది అయ్యా. ఇంకబోను."

వినలేదేమో అనుకున్నాను. మడవ దగ్గర వంగి రెండు పారల మట్టి తీశాడు. నీళ్ళు కొత్త చాలులోకి తిరిగాయి. చాలాసేపయ్యాక అన్నాడు: "ఆరు వేలు తెచ్చా నీ జేరే ఫీజుకి. మూడు రూపాయల వడ్డీ. నువ్వు జదివినా అది పెరుగుద్ది, జదవకపోయినా పెరుగుద్ది. ఇక్కడ కూచుంటే ఆగుద్దా అది?"

ఇందులో ఓదార్పేమీ లేదు. నన్ను దగ్గరికి తీసుకోలేదు. కాని అంత ఖచ్చితమైన మాట ఆ ఏడాదిలో నాకు యూనివర్సిటీలో ఎవరూ చెప్పలేదు.

తెల్లవారుజాము దాకా ఆయన వెనకే తిరిగాను. చీకట్లో అరికాలితో నేల వాలు చూస్తాడాయన. "ఇటు రెండు యేళ్ళు పల్లం" అంటాడు. నీళ్ళు అటే పోతాయి. గట్టేమో మట్టానికి వేస్తాడు, చాలేమో వాలుకి తీస్తాడు, రెండూ ఒకదానికొకటి నిలువుగా పడతాయి. నేను బట్టీపట్టి పరీక్షలో సగం రాసి వదిలేసిన గ్రేడియంట్ అదే. ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నీ కలుపుతూ పోతే వచ్చే గీతలకి గ్రేడియంట్ ఎప్పుడూ నిలువుగా ఉంటుంది, అది చూపించే వైపు అన్నిటికంటే నిటారైన ఎక్కుడు, దానికి సరిగ్గా ఎదురు వైపు నీళ్ళ దారి. మా అయ్యకి ఈ సంగతి అరికాలికి తెలుసు. ఆయనకి ఆ చేలో సెంటు భూమి లేదు. ఎక్కడ ఎంత పల్లమో తెలిసినవాడు కూలివాడు, పట్టా ఉన్నవాడు నిద్రపోతున్నాడు. అన్నీ తెలిసినందుకు ఆ రాత్రికి ఆయనకొచ్చింది నూట ఇరవై రూపాయలు.

వెనక్కి వెళ్ళాను.

హాస్టల్లో మా పక్క గదిలో ఒకన్న ఉండేవాడు. ఫిజిక్సులో రీసెర్చి. మాలవాడు. అప్పట్లో వర్గీకరణ గొడవలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, మా మధ్య మాటలు తక్కువ. ఇది కూడా ఉన్నది ఉన్నట్టే చెప్పుకోవాలి. అయినా నేను ఊరి నుంచి రాగానే తనే వచ్చి, "తొమ్మిదో ఛాప్టరేనా? రాత్రి పదింటికి మెస్సు హాల్లోకి రా" అన్నాడు. బల్లలు ఎత్తేసి కడిగిన నేల మీద సుద్దముక్కతో గీసేవాడు. మొదటి వారం ఇంగ్లీషు మాట రానివ్వలేదు. "ముందు నీ నోటితో చెప్పు. మీ అమ్మకి చెప్పినట్టు చెప్పు. ఆ తర్వాత దానికి కోటూ బూటూ తొడుగుదాం" అనేవాడు. ఎక్కడ తెగిందో చెప్పు, ఎటు పల్లమో చెప్పు, ఏది పట్టుకున్నావు ఏది వదిలావో చెప్పు. అట్లా చెప్పేసరికి సగం భయం పోయింది. రెండో వారం నుంచి ఒక్కో వాక్యానికి ఇంగ్లీషు. నలభై, యాభై వాక్యాలుంటాయి అంతే. ఈ శాస్త్రానికి కావాల్సిన ఇంగ్లీషు మొత్తం అంతే! ఆ యాభై వాక్యాలు మాకు ఎవరూ ముందే చేతిలో పెట్టలేదు. అవి ఇంట్లో ఉన్నవాళ్ళు వాటినే తెలివితేటలనుకున్నారు, మేమూ అట్లాగే అనుకున్నాం.

ఆ రోజుల్లోనే లైబ్రరీలో లెక్కల చరిత్ర పుస్తకం ఒకటి తిరగేస్తుంటే జార్జ్ గ్రీన్ కనిపించాడు. గ్రీన్ సిద్ధాంతం నేను బీయస్సీలోనే బట్టీపట్టాను, అది ఒక మనిషి పేరని తట్టలేదు. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ పక్కన వాళ్ళ నాన్నకి రొట్టెల దుకాణం, పిండి విసిరే గాలిమర. పిల్లవాడు బడికి పోయింది ఒక్క ఏడాదో, కొంచెం ఎక్కువో. ఆ తర్వాత మరలో పని. పని చేసుకుంటూనే చదివి 1828లో ఒక పుస్తకం అచ్చు వేయించాడు. ముందుగా చందా కట్టినవాళ్ళు యాభై ఒక్కమంది. వాళ్ళలో ఎంతమందికి అది అర్థమై ఉంటుంది? నలభయ్యేళ్ళ వయసులో 1833లో కేంబ్రిడ్జిలో విద్యార్థిగా చేరాడు. 1841లో చనిపోయాడు. 1845లో విలియం థామ్సన్, తర్వాత లార్డ్ కెల్విన్ అయినాయన, ఆ పుస్తకం సంపాదించి పదిమందికీ చూపిస్తే గాని ఆయనేం చేశాడో లోకానికి తెలీలేదు. గ్రీన్ మనలాంటివాడని నేను అనను. మర వాళ్ళ సొంతం, ఆస్తి ఉంది, ఆయన తాకితే పిండి మైలపడిందని అక్కడెవరూ అనలేదు. కాని ముప్పై ఒక్క మార్కులు తెచ్చుకున్నవాడికి ఆ గాలిమర కొంత ఊపిరిచ్చింది. ఇది మాకు క్లాసులో ఒక్క నిమిషం చెబితే ఏం పోయేది?

ఆ సిద్ధాంతం చెప్పేది, సూక్ష్మంగా, ఇది. ఒక చోటు హద్దు చుట్టూ ఒక్క చుట్టు తిరిగి కొలుచుకుంటే, లోపల అడుగుపెట్టకుండానే లోపలి మొత్తం లెక్క చెప్పొచ్చు. వైశాల్యం కూడా అట్లాగే కట్టొచ్చు. నడిచేటప్పుడు లోపలి భాగం ఎడమచేతి వైపు ఉండాలి. ఎడంచేయి మనకి అలవాటైనదే.

అది చదివినప్పుడు మా తాత గుర్తొచ్చాడు. పోలేరమ్మ కొలుపులప్పుడు పొలి చల్లేది మా ఇంటివాళ్ళే. అర్ధరాత్రి నెత్తురు కలిపిన అన్నం గంపలో పెట్టుకుని, డప్పు ముందు నడవగా, పొలి పొలి అని అరుచుకుంటూ పొలిమేర చుట్టూ తిరిగి చల్లాలి. పొరుగూరివాళ్ళు ఆ మెతుకులు ఎత్తుకుపోతే ఊరి పంట వాళ్ళతో పోతుందని భయం, అందుకని కర్రలు పట్టుకుని కాపలా. ఊరి మేలు కోసం చీకట్లో, ముళ్ళల్లో హద్దంతా తిరిగిన మా తాత జీవితంలో ఒక్కసారి కూడా రామాలయం అరుగు మీద కూర్చోలేదు. కాని ఊళ్ళో ఎవరికి ఎంత పొలముందో, ఏ గట్టు ఎవరు జరిపారో, ఎవరింట్లో ఏ గొడవో మా పల్లెకే ముందు తెలిసేది. చుట్టూ తిరిగేవాళ్ళకి లోపలి లెక్క తెలియకుండా ఎట్లా ఉంటుంది? అయితే గ్రీన్ సిద్ధాంతానికి ఒక షరతుంది. లోపల ఎక్కడా ప్రమేయం తెగి ఉండకూడదు. లోపల తెగిన చోటుంటే హద్దు కొలత, లోపలి లెక్క కుదరకపోవచ్చు. ఆ షరతు రాసుకున్నప్పుడు దాని కింద రెండు గీతలు గీశాను, ఆ నోటుబుక్కు ఇంకా నా దగ్గరుంది.

సప్లిమెంటరీలో ఆ ప్రమేయమే వచ్చింది. పాక్షిక అవకలజాలు ఉన్నాయని, అయినా అవిచ్ఛిన్నం కాదని నిరూపించమని. మామూలుగా అడిగే ప్రశ్నే, అందులో అద్భుతం ఏమీ లేదు. వై ఈక్వల్స్ ఎక్స్ అని రాయలేదు నేను. వై ఈక్వల్స్ మైనస్ ఎక్స్ అని రాశాను. యాభై ఎనిమిది వచ్చాయి. ఆ తర్వాత బీఎడ్, 2012 డీయస్సీలో స్కూల్ అసిస్టెంట్ ఉద్యోగం. మొదటి జీతంలో ఆరు వేలకి వడ్డీతో సహా తీర్చాం. ఎంతయిందో అయ్య చెప్పనివ్వలేదు.

ఉద్యోగమొచ్చాక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఈ లెక్కలతో పనేముంది? పదో తరగతిలో వర్గసమీకరణాలు, త్రికోణమితి. స్టాఫ్‌రూములో ఒకాయన నన్ను "మీరు ఎమ్మెస్సీ కూడా కోటాలోనేనా మాస్టారూ?" అని చాలా మర్యాదగా అడిగాడు. అవునండీ, మీకేమైనా డౌటుంటే అడగండి, చెబుతానన్నాను. 2019లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం అన్నప్పుడు తెలుగు చచ్చిపోతుందని చాలామంది పెద్దలు బాధపడ్డారు. నాకు తెలుగంటే ప్రేమ లేక కాదు, ఈ వ్యాసం తెలుగులోనే రాస్తున్నాను. కాని ఆ యాభై వాక్యాలు మా పిల్లల చేతిలో ఎవరు పెడతారో వాళ్ళెవరూ చెప్పలేదు. ఇంగ్లీషు పుస్తకం ఇచ్చేసి చేతులు దులుపుకుంటే కూడా ఆ వాక్యాలు రావు. మాకు తెలుగు పుస్తకమిచ్చి దులుపుకున్నారు గదా, అట్లాగే అవుతుంది.

మొన్న అక్టోబరులో ఒక రాత్రి ఫోనొచ్చింది. ఎనిమిదేళ్ళ కిందట నా దగ్గర పదో తరగతి చదివినవాడు, పక్క ఊరి మాలపల్లె పిల్లవాడు, ఈ ఏడాది ఎమ్మెస్సీలో చేరాడు. పొద్దుపోయింది సార్, ఏమనుకోకండి, ఇక్కడ ఏమీ అర్థం కావట్లేదన్నాడు. గొంతులో ఏదో ఉంది. ఆ మేడ నాకు తెలుసు కాబట్టి ఎక్కడున్నావురా అని అడిగాను ముందు. గదిలోనే ఉన్నా సార్ అన్నాడు. ఏ లెక్క అన్నాను. చదివాడు. ఎక్స్ వై బై ఎక్స్ స్క్వేర్ ప్లస్ వై స్క్వేర్.

నేను లేచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. మీ పల్లె ఊరికి ఏ దిక్కునుందిరా అని అడిగాను. వాడికి అర్థం కాలేదు. చెప్పరా అన్నాను. తూర్పునే సార్, కాకపోతే దారి కుంట చుట్టూ తిరిగి దక్షిణంగా వస్తది అన్నాడు. ఇక అక్కణ్ణుంచి మొదలుపెట్టి గంటసేపు చెప్పాను. రోడ్లు, నడుమ గుడి, కట్ట, ఎక్కడ తెగిందో. వాడు ఊఁ కొడుతూ విన్నాడు. చివర్లో అర్థమైంది సార్, కాని రేపు క్లాసులో లేపితే ఇంగ్లీషులో ఎట్లా చెప్పాలి అన్నాడు.

రాసుకో అన్నాను. ఎలాంగ్ ద లైన్ వై ఈక్వల్స్ మైనస్ ఎక్స్, ద వేల్యూ ఈజ్ మైనస్ హాఫ్. సో ద లిమిట్ డజ్ నాట్ ఎగ్జిస్ట్. పైకి చదవమన్నాను. మెల్లగా చదివాడు. గట్టిగా చదవరా, పక్క గదికి వినపడాలి అన్నాను. మూడుసార్లు చదివించాను. నాలుగోసారి నేను అడక్కుండానే వాడే లేచి నిలబడి చెప్పాడు. నిలబడ్డాడని నాకెట్లా తెలుసంటే, కుర్చీ జరిగిన చప్పుడు వినబడింది.